చలిబిళ్ళ మనిషి

ఏడో తెప్ప రేవు చిట్టా. రాస్తున్నది రేవు కాపలా పైడమ్మ.

విదియ. గాలి లేదు.

వాననీళ్ళు పట్టే గుడ్డల మీద పేరుకున్న ఉప్పు గీకించాను. నాచు ఆరబెట్టాం. మధ్యాహ్నం సరుకుల పడవ వచ్చి చింతపండు, వెదురు, కొత్త తాడు దింపి, చివర్న ఒక ఆడమనిషిని దింపింది.

ఆవిడ రవిక మీద తోడుబిళ్ళ నల్లదారంతో వేలాడుతోంది. మా బిళ్ళలు ఎర్రదారంతో రవిక లోపల, ఒంటికి తగిలేటట్టు ఉంటాయి. నల్లదారం అంటే బిళ్ళ వేడెక్కని మనిషి. చలిబిళ్ళ. మా తాతల కాలంలో సైకోపాత్ అనేవారట. కోపమొస్తే పొట్టిగా సైకో అని తిట్టుకునేవారట.

బిళ్ళ సంగతి మాలో పసిపిల్లలకీ తెలుసు. ఎదుటివాడు బాధపడితే మన ఒళ్ళు కాస్త అదురుతుంది కదా, బిళ్ళ ఆ అదురును పట్టుకుని పెద్దది చేసి కాలుస్తుంది. నేల మునిగిన రోజుల్లో పక్కవాణ్ణి తోసి పడవ ఎక్కినవాళ్ళ సంతానం మేము. మళ్ళీ అలా జరగకూడదని పెద్దలు మాకు బిళ్ళలు కట్టారు. మంచి పనే. కాకపోతే పక్కవాడి పుచ్చుపన్ను పీకాలంటే మా వల్ల కాదు, వాడికంటే ముందు మేం పడిపోతాం. అందుకని పళ్ళు పీకడానికీ విరిగిన ఎముకలు సరిచెయ్యడానికీ చలిబిళ్ళ వాళ్ళను తెప్ప తెప్పకూ పంపుతుంటారు. పున్నమి దాకా ఉండనిస్తాం. ఆనాడు అందరం చేతులెత్తి ఉంచాలో పంపాలో తేలుస్తాం. చేతులెత్తే ముందు రేవు కాపలా మాట వింటారు. అంటే నా మాట.

నాకు అనుమానం ఎక్కువ. మా ఆయన ఉన్న రోజుల్లో, ఉప్పు డబ్బాలో ఉప్పే ఉందో లేదో రుచి చూసి గానీ కూరలో వెయ్యవే నువ్వు అనేవాడు. నిజమే, వెయ్యను. ఈ ఉద్యోగం నాకు ఇచ్చింది కూడా అందుకే.

"పేరేటి?" అన్నాను.

"సుభాషిణి అండి. పైడమ్మగారూ, మీ కుడి దవడ వాచింది. ఎల్లుండి చూస్తాను."

అని నవ్వింది. నా పేరు పడవలోనే అడిగి తెలుసుకున్నట్టుంది. ఆ నవ్వు మొదలవ్వాల్సిన చోట మొదలై ఆగాల్సిన చోట ఆగింది. అదే నాకు నచ్చలేదు.

వంటశాల దాలమ్మ కత్తులన్నీ గోనెలో చుట్టి బియ్యం పీపాలో దాచేసిందట. వంకాయలు చేత్తో తుంపి వండింది. తినలేకపోయాం.

చవితి. అలలు తక్కువ.

పంటి నొప్పులవాళ్ళు వరస కట్టారు. తక్కినవాళ్ళంతా బిళ్ళలు కాలతాయని తెప్ప ఆ చివరికి పోయారు. నేను మాత్రం పీట వేసుకుని పక్కనే కూర్చున్నాను. ఒళ్ళు భగ్గుమంటున్నా లేవలేదు.

అలా కూర్చోబట్టి విన్నాను. ముసలి సూరప్పడితో తనవాళ్ళది మునిగిపోయిన భీమిలి అంది. వల వేసే నారాయణతో నర్సాపురం అంది. కడుపుతో ఉన్న పిల్లతో తనకు ఇద్దరు కవలలంది. నా వంతు వచ్చాక "నొప్పుండదండి" అంది. పట్టపగలు చుక్కలు కనిపించాయి.

పన్ను ఊడాక దూది కరిచిపెట్టుకునే అడిగాను. "నీది నిజంగా ఏ వూరు?"

"ఎవరికి ఏ ఊరు కావాలో ఆ ఊరండి. ఊరు కలిస్తే నోరు తెరుస్తారు."

"అబద్దాలాడ్డానికి సిగ్గు నేదేటి?"

"లేదండి" అంది పటకారు కడుక్కుంటూ. "మా గురించి మీరు విన్నవాటిలో అదొకటి నిజమే."

ఒప్పుకునే దొంగను నేనింతవరకు చూడలేదు. ఇంకా ఎక్కువ కనిపెట్టుకుని ఉండాలని రాసుకుంటున్నాను.

షష్ఠి. తూర్పుగాలి మొదలైంది.

తూర్పు మూల లంగరు తాడు జారింది. తెప్ప ఒక పక్కకు గుంజుకుపోయి వంటశాలలో కుండలు దొర్లాయి. అందరం కలిసి లాగి కట్టాం.

తాళ్ళ పని మా అన్న ఎర్రయ్యది. అరిగిన చోట కోసేసి, కొత్త తాడు పేటలు విడదీసి, పాతదాని పేటల్లోకి అల్లి అతుకు వేస్తాడు. తాడు మరెక్కడైనా తెగాలి గానీ ఆ అతుకు ఊడదని చుట్టుపక్కల తెప్పల్లో పేరు. అన్నంటే ఇక్కడ అందరికీ ప్రాణం. ఆయన ఎక్కడికి బయల్దేరినా ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని కబుర్లు చెబుతూ వెంట నడుస్తారు. చూస్తే నాకు ముచ్చటేస్తుంది.

"మొన్న అమాసకే ఏసినాను సెల్లీ ఆ అతుకు" అన్నాడు అన్న, ఊడిన కొసను చేత్తో తడుముతూ. "అదెలగ ఊడతాది?"

"గట్టిగానే ఏసినావు బావూ, మేం సూసినాం కాదేటి" అంది దాలమ్మ గబుక్కున. చుట్టూ ఉన్నవాళ్ళంతా అవునవునన్నారు.

గట్టిగా వేసింది ఊడిందంటే ఎవరో ఊడదీశారన్నమాట. ఎవరన్నది ఎవరూ పైకి అనలేదు. అందరూ సుభాషిణి ఉన్న గది వైపు చూశారు. నేనూ చూశాను.

అష్టమి. గాలి పెరిగింది.

ఉదయం పడమటి మూలలో పట్టుకున్నాను. లంగరు తాడు ముందు గొంతుక్కూర్చుని అతుకును వేళ్ళతో విడదీస్తోంది.

"ఏటి సేస్తున్నావక్కడ?" అని అరిచాను.

తప్పు చేసినవాళ్ళూ ఉలిక్కిపడతారు, చెయ్యనివాళ్ళూ ఉలిక్కిపడతారు. ఈవిడ తల తిప్పి "రండి, కూర్చోండి" అంది, ఆ తాడేదో పుట్టింటి నుంచి తెచ్చుకున్నట్టు.

కూర్చున్నాను. మనసులో ఉన్నది మొహం మీదే అడిగేశాను. "నువ్వు మమ్మల్ని సంపీగలవా?"

"గలనండి. మీరూ గలరు. చంపితే నాకేం వస్తుంది? మాలో హంతకులు లేరనను, ఉన్నారు. ఎక్కువమంది మాత్రం జన్మలో ఎవరి మీదా చెయ్యెత్తరు. ఎర్రదారం వాళ్ళలోనూ హంతకులున్నారు. వాళ్ళు తర్వాత ఏడుస్తారు, అంతే తేడా."

"అయితే పిచ్చేటి?"

"పిచ్చి వేరండి. మతి చెదిరినవాళ్ళకు లేని గొంతులు వినిపిస్తాయి, లేని మనుషులు కనిపిస్తారు. వాళ్ళే భయంతో చచ్చిపోతుంటారు, పాపం. ఇక్కడ పాపం అనాలి కదా, అందుకని అన్నాను. నాకు అలాంటివేం లేవు. అలాగని నల్లదారం ఉన్నవాళ్ళందరూ నాలాంటివాళ్ళే అనుకోకండి. కొందరికి ఎదుటివాళ్ళ ముఖం చదవడం రాదు, అందుకని బిళ్ళ చల్లగా ఉంటుంది. విషయం చెబితే మాత్రం తల్లడిల్లిపోతారు. నాకు చదవడం బాగా వచ్చు. తల్లడిల్లడమే రాదు."

"మరి నీ లోపల ఏటుంటాది?"

కాసేపు ఆలోచించింది. నాకోసం ఆలోచిస్తున్నట్టు నటించిందేమో, అదీ రాస్తున్నాను. "ఆకలి. కోపం. విసుగు చాలా ఎక్కువ. భయం తక్కువ. మీకు ఏడుపొస్తోందని మీకంటే ముందు నాకు తెలుస్తుంది, కానీ నాకు నొప్పెయ్యదు. అందుకని అప్పుడేం చెయ్యాలో ప్రతిసారీ లెక్క చూసుకుని చెయ్యాలి. ఒక్కోసారి లెక్క తప్పుతాను. తప్పినప్పుడు అవతలివాళ్ళకు మంచి జరగలేదు."

ఎవరికి, ఏం జరిగిందని అడిగాను. చెప్పలేదు. తాడు చేతికిచ్చింది.

"ఇది ఎవరూ విప్పలేదండి. వెయ్యడమే సరిగా వెయ్యలేదు. చూడండి, ఈ పేట దాని కిందికి పోవాలి, పక్కనుంచి పోయింది. వేసినాయనకు కళ్ళు కనిపించవు."

నాకు ఒళ్ళు మండిపోయింది. "మా అన్న మీదికి తోసీడానికి ఎన్ని గుండెలే నీకు!" అని తాడు లాక్కుని వచ్చేశాను. దాన్ని సరిగా చూడను కూడా లేదు.

సాయంత్రం బంతిలో అందరూ తింటుండగా ఆ మాటే అన్న ఎదుట అనేసింది. "ఎర్రయ్యగారూ, మీకు చూపు పోయింది. మీ అతుకులు జారిపోతున్నాయి. తాళ్ళ పని ఇంకొకరికి అప్పగించండి."

అన్న చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. అందరి బిళ్ళలూ ఒక్కసారి భగ్గుమన్నాయి. పిల్లలు గుక్కపట్టి ఏడ్చారు, నారాయణ గుండె పట్టుకుని వంగిపోయాడు. ఆ ముసలాయన సిగ్గు మా అందరి ఛాతీల్లో కాలుతుంటే ఆవిడ చేప తల చీకుతూ కూర్చుంది. నాకు ఆవిడంటే అసహ్యం పుట్టింది. పున్నమి దాకా ఎందుకు, రేపే పడవెక్కించమన్నారు. నియమం నియమమే అన్నాను. నిజానికి పట్టుకుని మరీ పంపాలని నా పంతం.

దశమి. కెరటాలు తెప్ప మీదికి ఎక్కుతున్నాయి. పున్నమి పోటుకు తుఫాను కూడా కలవవచ్చని తెప్పలన్నిటినీ చూసే మండలి నుంచి కబురు.

వంటశాలలో ఉన్న పసుపంతా నూనెలో కలిపి, అందరూ నాచు తియ్యడానికి పోయినప్పుడు నా చేతికి అంటకుండా కర్రకు గుడ్డ చుట్టి లంగరు తాళ్ళన్నిటికీ దట్టంగా పూశాను. పసుపు అంటిందంటే కడిగినా ఒకపూటకు పోదు. తాళ్ళ జోలికి ఎవరొస్తే వాళ్ళ చేతులే చెబుతాయి. అన్న రోజూ తాళ్ళు తడిమి చూస్తాడు కాబట్టి ఆయన చేతులు లెక్కలోకి రావు.

పసుపు లేని పులుసు ఏంటని దాలమ్మ సణిగింది. చెప్పలేదు. దాలమ్మ మీదా నాకు అనుమానం ఉండాలి కదా.

ఏకాదశి. మబ్బు.

పొద్దున్నే చూస్తే పడమటి తాడు అతుకు మరో జానెడు జారింది. పసుపు ఎక్కడా చెరగలేదు, జారిన మేర సాగి ఉంది. అన్న తడిమిన చోట మాత్రం వేళ్ళ గుర్తులున్నాయి.

గంజి పొయ్యడం ఇవాళ నేను తీసుకున్నాను. గిన్నె పట్టే ప్రతి చెయ్యీ తిప్పి చూశాను. సుభాషిణి రెండు చేతులూ ముందే తిరగేసి చూపించింది. శుభ్రంగా ఉన్నాయి. అందరివీ శుభ్రంగానే ఉన్నాయి.

చివర్న అన్న వచ్చాడు. అరచేతుల నుంచి మోచేతుల దాకా పెళ్ళికొడుక్కి నలుగు పెట్టినట్టు పచ్చగా ఉన్నాయి. గడ్డం మీద, చెవి మీద కూడా పసుపే.

"అన్నా, సేతులేటి అలగున్నాయి?" అని నవ్వాను.

అన్న రెండు చేతులూ మొహానికి దగ్గరగా తెచ్చుకుని అటూ ఇటూ తిప్పాడు. "ఏటున్నాయి? ఇప్పుడే కడుక్కున్నాను కదే. సుబ్బరంగా ఉన్నాయి."

నా చేతిలో గరిటె ఆగిపోయింది. దాలమ్మ ఒక్క ఉదుటున వచ్చి తన కొంగుతో ఆయన చేతులు తుడిచేస్తూ "నాచు మరక బావూ, ఏటీ నేదు" అంది. నారాయణ ఆయన గిన్నె అందుకున్నాడు. సూరప్పడు ఆయన భుజం పట్టి పీట మీద కూర్చోబెట్టాడు. ఇదంతా ఎవరూ ఎవరికీ చెప్పకుండానే జరిగింది, ఎంతో కాలంగా అలవాటైన పని లాగా. అప్పుడు వాళ్ళ ముఖాలు చూశాను. అందరూ నా నుంచి కళ్ళు తిప్పుకున్నారు.

అందరికీ తెలుసు.

దాలమ్మను పక్కకు లాగాను. "ఎన్నాళ్ళనుండి?"

"సానా కాలం అయ్యిందప్పా" అంది ఏడుస్తూ. "ఎలగ సెప్తాం? సెప్తే ఆయన గుండి పగిలిపోద్ది. ఆ మంట ఎవులు బరిస్తారు? నీకు సెప్తే సిట్టాలో రాసీస్తావు. అందుకే అతుకు ఏసినప్పుడల్లా బాగున్నాది బావూ అనీసి, ఆయనెల్లినాక మేమే కాస్త బిగించీవోళ్ళం. మాకేటి తెలుసు అతుకులు?"

ఉప్పు డబ్బాను నమ్మనిదాన్ని, అన్నను ఒక్కసారి కూడా అనుమానించలేదు. నేను దగ్గరికి వెళ్ళినప్పుడల్లా "ఎవులది?" అనేవాడు. ఆటపట్టిస్తున్నాడనుకుని నవ్వేదాన్ని. చెయ్యి పట్టుకుని నడిపిస్తే ముచ్చటపడ్డాను. ఇది రాస్తుంటే ఏడుపొస్తోంది.

ద్వాదశి. గాలి ఈదురుగా ఉంది. ఎల్లుండికి తుఫాను ఖాయమన్నారు.

సుభాషిణి గదికి వెళ్ళాను. పటకార్లకు నూనె రాసుకుంటోంది.

"ఇంకోపాలి సెప్పు మా అన్నకి" అన్నాను. "నీకైతే కాలదు కదా."

"నేను చెప్పానండి. పని జరగలేదు. నా నోట వింటే ఆయనకది తిట్టు. మీరు కాలుతూ చెబితే వింటాడు."

"ఆ మంట నాను బరించలేను."

"తెలుసు. ఇక్కడ అందరిదీ అదే కదా. ఆయన బాధపడతాడని మీవాళ్ళు దాచలేదండి. తమ బిళ్ళలు కాలతాయని దాచారు. దానికి జాలి అని పేరు పెట్టుకున్నారు."

చెంప మీద కొట్టాలనిపించింది. ఆ మాట అబద్ధమైతే కొట్టేదాన్నే. "ఇందులో నీకేటి లాభం?" అన్నాను.

"తెప్ప తెగిపోతే నేనూ దీని మీదే ఉన్నాను కదండి. ఇంకా దాలమ్మ చేపల పులుసు నాకు నచ్చింది" అంది. అందులో ఏది నిజమో నాకు తెలియదు. రెండూ కావచ్చు.

అన్న తన గది ముందు కూర్చుని తాడు పేటలు విడదీస్తున్నాడు. నేను వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను. "ఎవులది?" అన్నాడు. అప్పుడే నా బిళ్ళ వెచ్చబడింది.

"నానే, పైడమ్మని. అన్నా, నీకు కళ్ళు అవుపించట్లేదు. నీ అతుకులు జారిపోతన్నాయి. తూరుపుదీ పడమటిదీ ఎవులూ విప్పనేదు, అవే ఊడినాయి. ఎల్లుండి తుఫాను. తెప్ప ఆగదు."

మంట లేచింది. రవిక అంటుకుందేమో అనిపించింది. ఒక్క మాట, అబద్ధమన్నా అంటే చాలు, ఆరిపోతుంది. పళ్ళు బిగబట్టి కూర్చున్నాను. అన్న చేతిలోని తాడు కింద పెట్టాడు. ఆయన బిళ్ళ కూడా కాలుతోందని ఊపిరిలో తెలుస్తోంది.

"సూపు పోనాదని నాకు తెల్దేటే" అన్నాడు చివరికి. "సేతులున్నాయి కదా అనుకున్నాను. ఏసిన పెతీసారీ అడిగినాను, ఎలగుందర్రా అని. బాగున్నాది, బాగున్నాది అన్నారు. కళ్ళు నేనోడికి మీ మాటే కదే కన్ను? అదీ తీసీసినారు మీరు."

నేను ఆయన ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చాను. ఆయన పచ్చని చెయ్యి నా తల మీద వేశాడు.

"ఆ పళ్ళు పీకే అమ్మిని పిలు" అన్నాడు. "నా మొకానే నిజం సెప్పింది అదొక్కర్తే."

త్రయోదశి. పొద్దుటి నుంచి పని. చిట్టా రాయడానికి తీరిక లేదు.

అతుకులన్నీ విప్పాం. అన్న మధ్యలో కూర్చుని, పేట ఎటు పోవాలో నారాయణ వేళ్ళు పట్టుకుని నేర్పాడు. ప్రతి అతుకూ సుభాషిణి లాగి చూసింది. "ఇది పనికిరాదు. మళ్ళీ వెయ్యండి." నారాయణ ముఖం మాడిపోయేది, అందరి బిళ్ళలూ చురుక్కుమనేవి. "ఇదీ పనికిరాదు." ఒకసారైతే దాలమ్మ "పోన్లెద్దూ, బాగానే ఉన్నాది" అనబోయి అన్న వైపు చూసి నోరు మూసుకుంది. వేళ్ళు బొబ్బలెక్కాయి. కాలుతూనే వేశాం. ఎవరూ తెప్ప ఆ చివరికి పోలేదు.

పున్నమి. సముద్రం దిగింది.

నిన్నంతా తుఫాను. వంటశాల కప్పు ఎగిరిపోయింది, నాచు పందిళ్ళు పోయాయి. తాళ్ళు మూలిగాయి గానీ అతుకులు నిలబడ్డాయి. మనుషులందరూ ఉన్నారు.

మధ్యాహ్నం చేతులెత్తే వేళకు అందరూ నా వైపు చూశారు. సుభాషిణి మూట కట్టుకుని సిద్ధంగానే ఉంది. ఉంచినా పంపినా ఆవిడకు ఒకటే అన్నట్టు గోళ్ళు చూసుకుంటోంది. నాకు మటుకు ఒకటి కాదు. ఈవిడ పోతే రేపు మళ్ళీ అందరం ఒకరికొకరం బాగున్నాది అనుకుంటాం.

"ఈవిడ అబద్దాలాడతాది" అన్నాను. "ఏ వూరో ఇప్పటికీ తెల్దు. చేప తల తనే ఏసుకుంటాది. మనం ఏడిస్తే ఏడవదు, ఎప్పుడో ఎవులికో సెడు కూడా సేసింది, తనే ఒప్పుకున్నాది. కాబట్టి కళ్ళెట్టి కనిపెట్టుకుని ఉండండి. నానూ ఉంటాను. ఉంచమనే నా మాట. తాళ్ళు సూసే పని ఇమ్మంటున్నాను."

మొదట అన్న చెయ్యి లేచింది. పసుపు ఇంకా పూర్తిగా పోలేదు. తర్వాత దాలమ్మది. సూరప్పడు ఎత్తలేదు, ఇంకొందరూ ఎత్తలేదు. వాళ్ళ పేర్లు రాయను. ఎత్తినవాళ్ళే ఎక్కువ.

అందరూ వెళ్ళాక నా దగ్గరికి వచ్చింది. "పైడమ్మగారూ, ఎడమ వైపు పన్ను కూడా పుచ్చింది. ఇప్పుడే తీసేస్తే మంచిది."

పీట మీద కూర్చున్నాను. ఆవిడ పటకారు తీసింది. సూరప్పడికీ నారాయణకీ చెప్పిన ఊళ్ళు, మొన్న నాకు నొప్పుండదన్న మాట గుర్తొచ్చాయి.

"నొప్పుంటాదా?" అన్నాను.

నా ముఖం వైపు కాసేపు చూసింది.

"ఉంటుందండి. చాలా."

నోరు తెరిచాను.